పండుగ మీద కథ రాసే ముందు: ఊరు, ఇల్లు, ఏడాది తేల్చుకునే పద్ధతి

పండుగ చుట్టూ అల్లిన కథల్లో చాలావాటిని ఊరు పేరు తీసేసి చదివితే, అవి ఎక్కడ జరిగాయో చెప్పలేం. గుమ్మానికి మామిడి తోరణం, ముంగిట్లో ముగ్గు, వంటింట్లోంచి బూరెల వాసన, కొత్త బట్టల్లో పిల్లలు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ ఇంట్లో ఆ ఏడు పని ఎవరి చేతుల మీదుగా నడిచిందో, ఎవరు గడప దాటి లోపలికి రాలేదో, డబ్బు ఎక్కడ సర్దారో ఆ కథకు తెలియదు.

బతుకమ్మ, మొహర్రం, క్రిస్మస్ అని కేలెండర్‌లో ఉండే పేర్లతో కథ నడవదని నా నమ్మకం. కథకు కావాల్సింది ఫలానా ఊళ్లో, ఫలానా ఇంట్లో, ఫలానా సంవత్సరం జరిగిన పండుగ. పరిశోధన అంతా అక్కడికి చేరడానికే.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. పాలమూరు వైపు ఒక పల్లె. ఊరు మనం కల్పించుకున్నదే. ఆ ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు, మొహర్రానికి పీర్ల చావిడిలో పీర్లు (ఇమాముల పేరిట నిలిపి, ఊరేగించే గుర్తులు) లేస్తాయి. రెండు పండుగలూ ఒకే వారంలో పడిన ఏడాది జరిగే కథ రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

1. ముందు ఊరు, తర్వాత ఇల్లు

‘తెలుగువాళ్ల పండుగ’ అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. నాగులచవితిని కోస్తాలో దీపావళి వెళ్లాక, కార్తీకంలో చేస్తారు. తెలంగాణలో చాలాచోట్ల పుట్టలో పాలు పోసేది శ్రావణంలో, నాగుల పంచమికి. అట్లతద్ది గోదావరి జిల్లాల ఆడపిల్లలకు తెల్లవారుజాము ఆటలు, ఉయ్యాలలు. వరంగల్ పిల్లకు అదే పేరు చెబితే వినడమే తప్ప ఆడి ఉండకపోవచ్చు. సంక్రాంతికి కోనసీమలో కథ పెడితే కనుమ నాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు ఎలా చేరతాయో తెలియాలి. కరీంనగర్‌లో పెడితే సకినాలు చుట్టే చేతులు తెలియాలి.

ఒకే జిల్లాలోనూ తేడాలుంటాయి. ఆట ముగిసే సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజున అని అందరం రాసేస్తాం. వేములవాడలో ఏడో రోజునే చేస్తారు. అక్కడి అమ్మాయిని పక్క ఊరికి ఇస్తే, పుట్టింట్లో ఒకసారి, అత్తగారింట్లో ఒకసారి సద్దులు ఆడే అవకాశం ఉంది. ఇలాంటి చిన్న తేడాలోంచే కథ పుడుతుంది. అందుకే తేడా కనబడగానే దాన్ని సర్దేయకండి.

ఊరు తేలాక ఇల్లు. ఏ కులం, ఏ వాడ, సొంత భూమి ఉందా, కోడళ్లు ఎక్కడివాళ్లు? క్రైస్తవ కుటుంబమైతే ఏ సంఘం? కేథలిక్కులు గుడికి పూజకు వెళ్తారు, ఫాదర్ దగ్గర మాట్లాడతారు. ప్రొటెస్టెంట్లు ఆరాధనకు వెళ్తారు, పాస్టరుగారినో అయ్యగారినో కలుస్తారు. ఈస్టరు ముందు నలభై రోజుల్ని ఒకరు తపస్సు కాలం అంటే, మరొకరు శ్రమల కాలం అంటారు. ఒకరి మాట మరొకరి నోట్లో పెడితే ఆ ఇంటివాళ్లు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు.

2. సంవత్సరం ఎంచుకోండి, తేదీలు నిలబెట్టండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. చాలామంది దీన్ని ఆఖర్న, ప్రూఫులు దిద్దేటప్పుడు చూసుకుంటారు. నా లెక్కలో ఊరు, ఇల్లు తేలగానే చూడాల్సింది ఇదే, ఎందుకంటే తేదీలే కథను మార్చేస్తాయి.

మన చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు. ముస్లింల హిజ్రీ సంవత్సరమూ అంతే. రెండూ ఇంగ్లీషు కేలెండర్ కంటే ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతాయి. అయితే మన పంచాంగం 32, 33 నెలలకు ఒకసారి అధికమాసం కలుపుకుని మళ్లీ రుతువులతో సరిపెట్టుకుంటుంది. హిజ్రీలో ఆ సర్దుబాటు లేదు. అందుకే మొహర్రం, రంజాన్ ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ తిరిగి సుమారు 33 ఏళ్లకు మళ్లీ అదే రుతువుకు వస్తాయి. మీ కథలో తాత చిన్నప్పుడు రంజాన్ ఉపవాసాలు మే ఎండల్లో పడ్డాయా, డిసెంబరు చలిలో పడ్డాయా అన్నది ఊహించి రాసే విషయం కాదు. లెక్కేస్తే తేలిపోతుంది.

ఇప్పుడు మన పల్లెకు వద్దాం. 2015లో దసరా అక్టోబర్ 22న, మొహర్రం పదో రోజు అక్టోబర్ 24న వచ్చాయి. 2016లో అక్టోబర్ 11, 12. 2017లో సెప్టెంబర్ 30, అక్టోబర్ 1. మూడేళ్లు వరసగా పక్కపక్కనే. 2018లో అధిక జ్యేష్ఠం వచ్చింది, దసరా అక్టోబర్ 18కి వెళ్లింది. మొహర్రం మాత్రం సెప్టెంబర్ 21కే వచ్చేసింది. అంటే మన కథకు 2015, 16, 17 పనికొస్తాయి, 2018 పనికిరాదు. ఇంకా పాతకాలం కావాలంటే 33 ఏళ్లు వెనక్కి వెళ్లండి. 1983, 84లలోనూ ఇవి దగ్గరదగ్గరగానే వచ్చాయి.

ఇంకో సంగతి. ఇస్లామిక్ కేలెండర్‌లో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ప్రభుత్వ సెలవు అక్టోబర్ 1 అని ఉంటే, మొహర్రం పదో రోజు మొదలయ్యేది సెప్టెంబర్ 30 సాయంత్రం. 2017లో ఆ సాయంత్రం దసరా. ఊరు జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి, జమ్మి ఆకును బంగారమని చేతుల్లో పెట్టి, పెద్దల కాళ్లు మొక్కి తిరిగొచ్చే వేళకు పీర్ల చావిడి ముందు ఆ రాత్రి మొదలవుతోందన్నమాట. కొత్త బట్టలు మార్చుకోకుండానే చావిడి ముందు గుండంలో వేసే ఆలావా మంట దగ్గరికి పరిగెత్తే పిల్లవాడు మీకు దొరికేశాడు. వాడిని మీరు కల్పించే పని కూడా లేదు, తేదీలే తెచ్చి ఇచ్చాయి.

జాగ్రత్త పడాల్సిన చోట్లు మరికొన్ని:

మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ (మొదటి రోజు ఆట), ఆ మర్నాటి నుంచి నవరాత్రులు అని లెక్క వేసుకుంటాం. 2020లో మధ్యలో అధిక ఆశ్వయుజం పడింది. అమావాస్య సెప్టెంబర్ 17న వస్తే నవరాత్రులు అక్టోబర్ 17న మొదలయ్యాయి. ఆ ఏడు కరోనా ఒక్కటే రాసి ఈ నెల రోజుల ఎడం వదిలేస్తే పంచాంగం చూసే పాఠకురాలు పట్టేస్తుంది.

సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14 కాదు. స్వామి వివేకానంద పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజే. ఇప్పుడు 14, 15 తేదీల్లో వస్తోంది. పాతకాలపు నవల రాస్తుంటే చూసుకోండి.

మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పౌర్ణమితో. అందుకే అక్కడ శ్రావణం పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. తెలుగింటి అమ్మాయి లక్నో కోడలైతే ‘శ్రావణమాసం రాలేదుగా’ అన్న మాట మీద అత్తాకోడళ్లకు మొదటి పేచీ రావచ్చు.

పెద్దవాళ్లకు సంవత్సరం అంకె గుర్తుండదు. ‘కరువు ఏడు’, ‘పెద్దోడు కడుపులో ఉన్న ఏడు’ అంటారు. దివిసీమలో ‘ఉప్పెన ఏడు’ అంటే 1977, నవంబర్ 19. అక్కడి క్రైస్తవ కుటుంబంలో ఎవరైనా ‘ఉప్పెన తర్వాత వచ్చిన క్రిస్మస్’ అంటే ఐదు వారాల తర్వాతి మాట చెబుతున్నారని అర్థం. ఇల్లు పోయిన మనిషి ఆ రోజు నక్షత్రం ఎక్కడ కట్టి ఉంటుందో అడగండి.

3. చదవడం: తక్కువ, కానీ సరైనవి

1961 జనాభా లెక్కల్లో భాగంగా ఆంధ్రప్రదేశ్ జాతరలు, పండుగల మీద జిల్లాలవారీ సంపుటాలు వచ్చాయి. ఏ ఊళ్లో ఏ దేవత, ఏ నెలలో, పూజారి ఎవరు, ఎక్కడి నుంచి జనం వస్తారు లాంటి వివరాలు వాటిలో ఉంటాయి. మీ ఊరు దొరక్కపోయినా పక్క ఊరు దొరుకుతుంది. పాత పత్రికలు తిరగేయండి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లో పత్రికల సంచికలు దాచి ఉంచారు. వార్తల కంటే ప్రకటనలు ఎక్కువ చెబుతాయి: ఆ పండుగకు ఏ చీర అమ్మారు, ధర ఎంత, రైలు ప్రత్యేకంగా వేశారా.

యూట్యూబ్ వీడియోలు పాటల బాణీకి, నడకకు పనికొస్తాయి. ఖాళీగా గడిచిన గంటలను కత్తిరించేస్తారు కాబట్టి పండుగ నిజంగా ఎంతసేపు పట్టిందో వాటిలో తెలియదు. వాటికంటే ఇళ్లలోని ఆల్బమ్‌లు మేలు. ఫొటోలో మనుషుల వెనక గోడ, అరుగు, గిన్నెలు చూడండి.

4. మనుషుల దగ్గర కూర్చోవడం

‘ఈ పండుగ ఎందుకు చేస్తారు?’ అని అడిగితే టీవీలో విన్న జవాబే వస్తుంది. తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. పని గురించి అడగండి, జ్ఞాపకం దానంతట అదే లేస్తుంది.

‘అవ్వా, నువ్వు ఈ ఊరికి కోడలిగ వచ్చిన ఏడు బతుకమ్మ ఎవరు పేర్చిండ్రు?’ అని అడిగి చూడండి. ఆమె ముందు అత్త పేరు చెబుతుంది. తంగేడు ఎక్కడ దొరికేదో, గునుగు పూలు తెచ్చే పిల్లల్ని ఎవరు పంపేవారో చెబుతుంది. అలిగిన బతుకమ్మ అని ఆరో రోజు పేర్చరు కదా, ఆ రోజు ఇంట్లో ఏం చేసేవారో అడగండి. ఇప్పుడు గునుగు కట్టలు కొనుక్కోవాల్సి వస్తోందని ఆమే అంటుంది. కలుపు మందు కొట్టిన చేలో గునుగు మిగలదు. వ్యవసాయం ఎలా మారిందో చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు, ప్రత్యేకంగా పేరా అక్కర్లేదు.

నేను ప్రతిసారీ అడగమని చెప్పే ప్రశ్నలు ఇవి. ముందు రోజు రాత్రి ఎవరు పడుకోలేదు? ఆ రోజు మొదట తిన్నదెవరు, ఆఖర్న తిన్నదెవరు? అప్పు ఎవరి దగ్గర తెచ్చారు? ఎవరు అలిగారు? రావాల్సినవాళ్లలో ఎవరు రాలేదు? మర్నాడు ఊడ్చిందెవరు?

పీర్ల పండుగ గురించి ఒక్కరినే అడిగి వచ్చేయకండి. చావిడి చూసుకునే ముస్లిం కుటుంబం, పీరు ఎత్తుకునే రైతు, మొక్కుకుని బిడ్డకు హుస్సేనప్ప అనో హుస్సేనమ్మ అనో పేరు పెట్టుకున్న తల్లి, డప్పు కొట్టే మాదిగ కుటుంబం, ఇవి నాలుగు వేర్వేరు పండుగలు. పట్నంలో చదువుకుని వచ్చి ‘ఇది మన దీన్‌లో (మతంలో) లేదు’ అనే ఆ కుటుంబపు కుర్రాడిదీ లెక్కలోకి తీసుకోండి. అతన్ని విలన్‌ను చేయకుండా అతని మాట పూర్తిగా వినండి.

డప్పు సంగతి ప్రత్యేకంగా అడగండి. మన కథలో ఒకే వారంలో బతుకమ్మను చెరువు దాకా సాగనంపాలి, పీర్ల ముందు ఆడాలి. రెండింటికీ కొట్టేది అవే చేతులైతే కూలి ఎవరిస్తారు, గింజలా, డబ్బా, మద్యమా? కులవృత్తిగా డప్పు కొట్టబోమని తేల్చి చెప్పిన వాడలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మీ ఊళ్లో ఆ ఏడు అలాంటి నిర్ణయం జరిగి ఉంటే కథకు మధ్యభాగం అదే అవుతుంది.

అడిగేటప్పుడు మర్యాదలు మరవొద్దు. కథ రాస్తున్నానని ముందే చెప్పండి. పండుగ రోజున కాకుండా ముందో వెనకో వెళ్లండి, ఆ రోజు వాళ్లకు చేతినిండా పని. ఫోన్ రికార్డర్ పెట్టేముందు అడగండి. ‘అది చెప్పగూడదు’ అంటే అక్కడితో ఆగండి. కొన్ని మొక్కులు, కొన్ని పేర్లు ఆ ఇంటివే.

5. వెళ్లి చూడటం

పండుగకు ముందు రోజు వెళ్లి, మర్నాడు కూడా ఉండండి. మేడారం లాంటి జాతరైతే ఇది మరీ ముఖ్యం. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు, శనివారం వనప్రవేశం. ఒక్కరోజు వెళ్లి బెల్లం గద్దెకు సమర్పించి వచ్చినవాళ్లకు, ఎదురుచూసే రాత్రి ఎలా ఉంటుందో తెలియదు. తల్లులు వెళ్లిపోయాక ఆ అడవిలో మిగిలేది ఏమిటో కూడా తెలియదు.

నోట్‌బుక్‌లో అందరూ రాసుకునే రంగులు, వాసనలతో పాటు దూరాలు రాసుకోండి. చావిడి నుంచి బావికి ఎన్ని అడుగులు, దారిలో ఎవరి ఇళ్లు, ఆడవాళ్లు ఎక్కడ నిలబడి చూస్తారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు. పాత్రను నడిపించేటప్పుడు ఇవే అక్కరకొస్తాయి. మన ఉదాహరణలో ఇంకో చిన్న సంగతి: సద్దుల నాడు బతుకమ్మ దగ్గర పంచుకునేదీ మలీదే, పీర్లకు పెట్టేదీ మలీదే. రొట్టె, బెల్లం కలిపి ముద్ద చేసే ఆ ఇల్లాలు వారంలో రెండుసార్లు అదే పని చేస్తుంది. దీన్ని మతసామరస్యం మీద ఉపన్యాసంగా మార్చకుండా, ఆమె చేతికి అంటిన బెల్లం దగ్గరే వదిలేయండి.

6. దుఃఖమా, వేడుకా?

మొహర్రం మీద రాసేవాళ్లు తప్పక తేల్చుకోవాల్సింది ఇది. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ ప్రాణాలర్పించిన స్మృతి అది. హైదరాబాద్ పాతబస్తీ షియా కుటుంబాల్లో రెండు నెలల ఎనిమిది రోజులు సంతాప దినాలు. నల్ల బట్టలు వేసుకుంటారు, మాతం చేస్తారు (గుండెలు బాదుకుంటారు), పెళ్లిళ్లు ఉండవు. పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు కదిలితే ఏడుస్తూ వెంట నడుస్తారు. ఆ ఇంటి పాత్రకు మరో పాత్ర ‘హ్యాపీ మొహర్రం’ అని మెసేజ్ పెడితే, అది ఆ పాత్ర అజ్ఞానంగా కనబడాలి, రచయితది కాకూడదు.

అదే రోజున మన పల్లెలో ఆలావా చుట్టూ ‘అసైదులా’ అంటూ అడుగులు వేస్తారు, గుండం తొక్కుతారు, పిల్లలు కుడకల దండలతో తిరుగుతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కులు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఇందులో ఏది అసలుదని తీర్పు చెప్పడం కథకుల పని కాదు. మీ పాత్ర ఎక్కడ నిలబడి చూస్తోందో అక్కడి నుంచే రాయండి. గుడ్ ఫ్రైడేకూ ఇదే వర్తిస్తుంది.

నమ్మకాన్ని రాసేటప్పుడు కూడా అంతే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీని రాస్తున్నారనుకోండి. ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో మానసిక శాస్త్రం నుంచి వివరించొద్దు, మహిమ అని హామీ ఇవ్వొద్దు. ఆమె ఏమన్నదో, గుంపులో ఎవరి ముఖం మారిందో రాయండి. బతుకమ్మ పుట్టుక గురించి ఎన్నో కథలున్నాయి. ఒకటి ఎంచుకుని మిగతావి కొట్టేసే బదులు, ఇద్దరు ముసలమ్మల చేత రెండు చెప్పించండి.

7. పండుగ లేని ఇల్లు

ప్రతి ఊళ్లో ఆ ఏడు పండుగ లేని ఇల్లు ఒకటుంటుంది. ఏడాది లోపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి మీద పిండివంట ఎక్కదు. పక్కింటివాళ్లు తెచ్చి ఇస్తారా, పిల్లల్ని పిలిచి పెడతారా? భర్త పోయినామెను పసుపు కుంకుమల దగ్గర ఎక్కడ నిలబెడతారు, ఆమె తనంతట తనే ఎక్కడ నిలబడుతుంది? ముట్టయిన అమ్మాయి ఆ రోజు ఎక్కడ కూర్చుంటుంది? ప్రసాదం తీసుకోని క్రైస్తవ కుటుంబం పక్కింటి స్నేహాన్ని ఎలా కాపాడుకుంటుంది? దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ఎంతసేపు ఉంటాడు? కథ నడిపే మనిషి నాకు ఎక్కువగా ఈ ఇళ్లలోనే దొరుకుతారు. ఈ ప్రశ్నలు అడగకుండా రాసిన పండుగ పర్యాటక శాఖ పోస్టరులా ఉంటుంది.

8. రాయడం, తీసేయడం

ఇంత సేకరించాక అంతా చెప్పేయాలనిపిస్తుంది. మొదటి ప్రతిలో చెప్పేయండి. తర్వాత ఒక్కో వివరాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: ఈ సంగతి తెలిసిన పాత్ర దీన్ని గమనిస్తుందా? పుట్టినప్పటి నుంచీ బతుకమ్మ ఆడిన మనిషి తాంబాళంలో పూల వరసలను పాఠంలా వర్ణించుకోదు. తంగేడు తక్కువైందని, కింది వరస వంకరపోయిందని చూస్తుంది. ఆచారం తెలియని పాత్రకు వివరించే సాకుతో పేజీలు నింపొద్దు. ‘ఇస్తినమ్మ వాయనం’, ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అన్న రెండు మాటలు వినిపిస్తే చాలు, తెలియని పాఠకులు కూడా సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు.

పాటలు వాడేటప్పుడు ఆ ఊళ్లో పాడేవే తీసుకోండి. సినిమాల్లోంచి, ఆల్బమ్‌లలోంచి వచ్చినవి వాడితే ఏ ఏడాదివో చూడండి. 1984లో పెట్టిన కథలో నిన్నటి డీజే పాట మోగకూడదు.

9. చదివించడం

అచ్చుకు పంపే ముందు ఆ ఊరివాళ్లు, ఆ సమాజంవాళ్లు కనీసం ఇద్దరు చదవాలి. ఒకరు ఆ పండుగను నిష్ఠగా చేసేవాళ్లయితే, మరొకరు దాని నుంచి దూరంగా జరిగినవాళ్లు కావాలి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే బాగుందంటారు. ‘మీ ఇంట్లో ఇలా ఎవరూ చేయరు అనిపించింది ఎక్కడ?’ అని అడగండి. మీకు కబుర్లు చెప్పినవాళ్లను ఊరివాళ్లు గుర్తుపట్టేలా ఉంటే పేరు, వయసు, వాడ మార్చండి. చావిడి తాళం ఎవరి దగ్గరుంటుందో రాసినా చాలు, ఊరికి మనిషి తెలిసిపోతాడు. చదవడం రానివాళ్లకు వాళ్ల భాగం చదివి వినిపించండి.

చదివిన ఇద్దరూ ఒకరికొకరు విరుద్ధంగా చెప్పడం మామూలే. మలీద ముందు ఎవరికి పెట్టాలి, గౌరమ్మను ఎప్పుడు తీయాలి లాంటి వాటి మీద పట్టుబడతారు. ఎవరిది ఒప్పో తేల్చడానికి మూడో మనిషి దగ్గరికి పోకుండా, ఆ తగాదానే కథలోకి తీసుకోండి. ‘మా అమ్మగారింట్ల ఇట్ల చెయ్యరు’ అని కొత్త కోడలు ఒక్క మాట అంటే రెండు పద్ధతులూ కథలో నిలుస్తాయి, అత్త జవాబు ఏమిటన్నది మీరు రాసుకోవచ్చు.